చేతి చలవ

ఒక ఊరి అంగడి వీధిలో ఎదురెదురుగా రెండు పూలకొట్లు ఉండేవి. తూర్పు కొట్టు ఒకాయనది, పడమటి కొట్టు ఒకావిడది. ఇద్దరూ ఒకే ముసలమ్మ దగ్గర దండలు కట్టడం నేర్చుకున్నారు. ఎవరికి ఏ కొట్టు అన్న మాట వచ్చినప్పుడు ఆ ముసలమ్మ ఒక గుప్పిట్లో మల్లెమొగ్గ, ఇంకో గుప్పిట్లో కనకాంబరం దాచి కోరుకోమంది. ఆయన తాకిన గుప్పిట్లో మల్లెమొగ్గ ఉంది. దాంతో తూర్పు కొట్టు ఆయనదైంది.

పూల బేరమంతా పొద్దుటిపూటే. ఆయన కట్టిన దండ సాయంత్రం దాకా నవనవలాడేది. ఆవిడ కట్టిన దండ ఇల్లు చేరేలోపే తల వేలాడేసేది. పెళ్ళిళ్ళు అయ్యాక జనం తూర్పు కొట్టుకు వచ్చి, "అంతా మీ చేతి చలవ" అని దణ్ణం పెట్టి వెళ్ళేవారు. చలవకు ఎదురుమాట ఒకటి కావాలి కదా, ఆవిడది వేడిచెయ్యి అని పేరు పెట్టారు. పేర్లు పెట్టడంలో మన జనానికి ఎప్పుడూ బద్ధకం లేదు.

మొదట్లో ఆయన ఆ మాటకు సిగ్గుపడేవాడు. తర్వాత చిరునవ్వు నవ్వేవాడు. ఆ తర్వాత ఎవరైనా ఆ మాట అనడం మరిచిపోతే తనే గుర్తుచేసేవాడు.

ఆయన పేరు రాజుగారి దాకా వెళ్ళింది. కొత్తగా వ్యాపారాల్లోకి దిగుతున్న కుర్రకారుకు నాలుగు మంచి మాటలు చెప్పమని రాజు ఆయన్ని సభకు పిలిపించాడు.

"మా ఇద్దరికీ గురువు ఒకరే. దారం ఒకటే, తోట ఒకటే," అన్నాడాయన. "మరి తేడా ఎక్కడుంది? చేతిలో ఉంది."

సభ చప్పట్లతో మోగిపోయింది. ఆవిడ కూడా వెనక నిలబడి చప్పట్లు కొట్టింది.

రాజు ముచ్చటపడి, రాకుమారి పెళ్ళిదండలు ఈ చేతులే కట్టాలన్నాడు. దండలు మెప్పిస్తే ఆయన ఆస్థానంలో ఉంటాడు, వాడితే కొట్టు మూసుకోవాలి. ముందుగా ఏదైనా వరం కోరుకోమన్నాడు. ఆయన ఎంతోకాలంగా మనసులో పెట్టుకున్నదే అడిగాడు. తన కొట్టు వెనకాల ఏనుగులసాల పాతగోడ ఒకటుంది. పెచ్చులూడి, నాచు పట్టి, రెండు నిలువుల ఎత్తున నిలబడి, తూర్పు బాటన వచ్చేవాళ్ళకు తన కొట్టు కనబడకుండా చేస్తోంది. దాన్ని పడగొట్టించాలి.

ఇంతేనా అని రాజు నవ్వాడు. పెళ్ళినాటికి గోడ నేలమట్టమైంది.

ఆ పొద్దున ఆయన ఎప్పటిలాగే స్నానం చేసి, దారం తడిపి, మల్లెలు ముందేసుకుని కూర్చున్నాడు. వెనకనుంచి తాటాకు పందిరి కిందికి ఎండ ఏటవాలుగా దూరి, భుజం మీదుగా ఒళ్ళో పడింది. ఆయన వీపుకు ఎండ తెలియడం అదే మొదలు. చేతులు మాత్రం ఎప్పటిలాగే కదిలాయి. ముళ్ళు ఎప్పటిలాగే పడ్డాయి. దండ చివరి కొస ముడి వేసేసరికి మొదటి కొస గోధుమరంగు తిరిగింది.

ఆయన నమ్మలేదు. దారం మార్చాడు. పూలు మార్చాడు. నీళ్ళు చల్లాడు. మళ్ళీ కట్టాడు. మళ్ళీ వాడింది.

కోటవాళ్ళు పల్లకీ దింపి దండలు చూశారు. వాళ్ళలో పెద్దాయన ఒక పువ్వు నలిపి వాసన చూసి పారేశాడు. "చెయ్యి వేడెక్కింది," అన్నాడు. వీధి వీధంతా అవునవునంది. వాళ్ళు నిలబడి ఆ మాట అంటున్నది వీధిలోకి దొర్లిన పాతగోడ ఇటుకల మీద. కళ్ళలోకి ఎండ కొడుతుంటే చెయ్యి అడ్డం పెట్టుకుని మరీ అన్నారు. ఆ ఎండ ఎక్కణ్ణుంచి వస్తోందని ఒక్కరంటే ఒక్కరైనా చూడలేదు. కొట్టు మూయించి వెళ్ళిపోయారు.

ఆయన మాత్రం చూశాడు. వీధి దాటి పడమటి కొట్టు ముందుకు వెళ్ళాడు. ఆవిడ రోజూలాగే ఎదురెండలో కూర్చుని కడుతోంది. ఎండకు తడక కడితే పూలు కనబడక ఎవరూ ఆగరు, కట్టకపోతే పూలు నిలవవు. ఆ సంగతి ఇన్నేళ్ళలో ఆయనకు తట్టనేలేదు.

"చెల్లెమ్మా, నీకు రోజూ ఇలాగే ఉండేదా?"

"నీ ఎదురుగానే కూర్చున్నాను కదన్నా."

ఆయన గోడ గురించి చెప్పాడు. తడబడుతూ, ఒక్కో మాటా కూడదీసుకుంటూ చెప్పాడు. అది నా చేతి చలవ కాదమ్మా, గోడది అన్నాడు. నీ చేతిలో ఏ లోపమూ లేదన్నాడు.

ఆవిడ సంతోషిస్తుందనుకున్నాడు. ఆవిడ మొహం పాలిపోయింది. ఒళ్ళోని దండ జారి మట్టిలో పడింది, తీసుకోలేదు.

"మా అమ్మాయి పెళ్ళిదండ నేను కట్టలేదన్నా," అంది. "నా చెయ్యి తగిలితే దాని కాపురం వాడిపోతుందని భయపడ్డాను. అక్షింతలు కూడా నేను వెయ్యలేదు. దండ నీ దగ్గరే కొన్నాను."



ఆవిడ తడి దారంతో నానిన తన అరచేతిని కాసేపు పరాయివాళ్ళది చూసినట్టు చూసింది. మెల్లగా ఎత్తి తన బుగ్గకే ఆనించుకుంది. చల్లగా ఉంది.