సైదాబీ పంటికి మూడో వేరు

ఈ సంగతి నాకు మొదట చెప్పింది ఆ పన్ను గల మనిషే, శనగలు వేయించి అమ్మే సైదాబీ. ఆ పళ్ల ఆసుపత్రిలో ఇరవై ఆరేళ్లు పనిముట్లు ఉడకబెట్టినవాణ్ణి. ఇది జరిగిన ఆ ఒక్కరోజే సెలవులో ఉన్నాను. అందుకని ఆమె చెప్పినట్టే చెబుతున్నాను, నా మాట ఒక్కటీ కలపలేదు.

శనగలు వేగాయో లేదో సైదాబీ చూసేది పంటితోనే. గింజ పటుక్కుమంటేనే మూకుడు దించుతుంది. కుడివైపు పళ్లెప్పుడో పోయాయి. ఎడమవైపు కింది దవడపన్ను పుచ్చితే కుర్ర డాక్టరు ప్రభంజన్ వేర్లు శుభ్రం చేసి మూశాడు. అతను పెద్ద డాక్టరు కోటిలింగం గారి శిష్యుడు. చెయ్యి మంచిదే. తలే కాస్త ఎత్తు.

మూడు వారాలైనా నొప్పి పోలేదు.

"నాలుక వైపు, వెనకమూల సలుపుతోందయ్యా," అంది సైదాబీ.

"ఆ పంటికి రెండే వేర్లమ్మా. రెండూ శుభ్రం చేశా. ఇంకా నొప్పంటే పీకెయ్యడమే."

"పీకేస్తే నా శనగలు నువ్వొచ్చి కొరికి చూస్తావా?"

అతను ఎక్స్‌రే ఫోటో తీసుకుని గురువుగారి గదిలోకి వెళ్లాడు. సైదాబీ వెనకాలే వెళ్లి గుమ్మంలో నిలబడింది.

కోటిలింగం గారు ఫోటో చూసి పక్కన పెట్టారు.

"ఆవిడతో ఎవరొచ్చారు?"

ప్రభంజన్ గుమ్మం వైపు తిరిగి చూశాడు. "ఎవరూ లేరు సార్. ఒక్కతే."

ఆయన లేచి, అతని భుజాలు పట్టుకుని రెండడుగులు పక్కకి జరిపారు. సైదాబీ భారీ మనిషి. ఆమె వీపు చాటున, సంచీ పట్టుకుని, బక్కపల్చటి చెల్లెలు గౌసియా నిలబడి ఉంది.

ఆయన మళ్లీ కూర్చుని పేపరు తీశారు.

ప్రభంజన్ సైదాబీని మళ్లీ కుర్చీలో కూర్చోబెట్టాడు. ఎక్స్‌రే గొట్టాన్ని ఈసారి ఎదురుగా కాక, ఓరగా పెట్టి ఇంకో ఫోటో తీశాడు. వెనక వేరు చాటున, నాలుక వైపుకి వంగి, సన్నటి మూడో వేరు.

పన్ను మళ్లీ తెరిచి, గంటన్నర సేపు తల ఎత్తకుండా దాన్ని శుభ్రం చేశాడు. చివర్లో గురువుగారొచ్చి పక్కన నిలబడ్డారు.

"సార్, నాలుగోది కూడా ఉండొచ్చా?"

"ఆవిణ్ణడుగు," అన్నారు కోటిలింగం గారు.

ఆసుపత్రి పెట్టి యాభయ్యేళ్లయిందని వాళ్లు వేసిన పుస్తకంలో మాత్రం, ఆ వేరును ప్రభంజన్ గారు కొత్త మెషీన్‌తో కనిపెట్టారని ఉంది. ఆ పేజీ వేలు పెట్టి మూడుసార్లు చదివాను, సైదాబీ పేరే లేదు. రాయడం బాగా వచ్చినవాళ్లెవరైనా ఆ మాట కొట్టేసి, వేరు అక్కడుందని ముందు చెప్పిందెవరో రాయండి.