సూరాయమ్మ వాంగ్మూలం

ఏది అడిగినా సూటిగా జవాబు చెప్పే అలవాటు పరాంకుశం గారికి లేదు. వాదనలన్నీ కోర్టులోనే ఖర్చయిపోయాయనీ, ఇంటికి తెచ్చుకున్నవి జ్ఞాపకాలు మాత్రమేననీ నవ్వేసేవారు. ఆయన దగ్గర జూనియర్‌గా చేరిన హైమావతి ఒకనాటి సాయంత్రం అడిగింది: "గురువుగారూ, జడ్జీలు కేసుల కింద నలిగిపోతున్నారు. కోర్టు తరఫున వెళ్ళి సాక్ష్యాలు రాసుకొచ్చే వకీళ్ళకు, అదే కమిషనర్లకు, అధికారాలు పెంచి, సాక్ష్యాలు వినడంతో పాటు చిన్న తగాదాలు తేల్చే పని కూడా వాళ్ళకే అప్పగిస్తే పోదూ?"

పరాంకుశం గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన మనసు గోదావరి పాయ దాటి ఒక లంకలోకి వెళ్ళిపోయింది. మెల్లగా చెప్పడం మొదలుపెట్టారు.

అప్పటికి ఆయన కుర్ర వకీలు. మంచం పట్టిన సూరాయమ్మ అనే ముసలమ్మ కోర్టుకు రాలేకపోయింది గనక, ఇంటికి వెళ్ళి సాక్ష్యం రాసుకు రమ్మని మునసబు కోర్టు జడ్జీ దైవసహాయం గారు ఆయన్ను కమిషనర్‌గా వేశారు. అదే మొదటి కమిషన్. కొత్త కోటు తడవకుండా మడిచి ఒళ్ళో పెట్టుకుని పడవెక్కారు. తగాదా కొబ్బరితోట గురించి. పోయిన భర్త దాన్ని తమ్ముడి కొడుకు పేర రాశాడంటారు, సూరాయమ్మ ఒప్పుకోదు.

రెండు పక్షాల వకీళ్ళూ సర్దుకు కూర్చున్నాక ఆయన కలం తీశారు. ముసలమ్మ ఎగాదిగా చూసింది.

"తీర్పు చెప్పేది నువ్వేనా బాబూ?"

"కాదమ్మా. నేను రాసుకెళ్తే జడ్జీగారు చదివి చెబుతారు."

"ఇనేవోడొకడూ, తేల్చేవోడొకడూనా? నా గోడు అంత దూరం మోసుకెళ్తే దారిలో సగం ఒలికిపోద్ది" అని గోడవైపు తిరిగి పడుకుంది. ఎంత బతిమాలినా నోరు విప్పలేదు.

చెప్పనన్నదని రాసి పారేయమన్నారు తోటి వకీళ్ళు. అలా రాస్తే ఆమె కథ అక్కడితో సరి. ఆయనకు చెయ్యి రాలేదు. ఉత్త చేతులతో వెనక్కి వెళ్ళి, మునసబు ముందు నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పారు. బల్ల మీద కేసు కట్టలు దైవసహాయం గారి గడ్డం దాకా ఉన్నాయి. ఆయన "రేవులో పడవ ఎన్నింటికి?" అని మాత్రం అడిగారు.

ఆదివారం ఆ పెద్దమనిషి పంట్లాం పైకి మడిచి, రేవు బురదలో దిగి నడిచి, సూరాయమ్మ మంచం పక్కన పీట మీద కూర్చున్నారు. ఆమె చెప్పింది. పెళ్ళయిన కొత్తలో మొగుడూ తనూ బిందెలతో నీళ్ళు మోసి మొక్కలు బతికించుకున్న సంగతి చెప్పింది. వరదకు కొట్టుకుపోయిన చెట్లకు తాము పెట్టుకున్న పేర్లు కూడా చెప్పింది. కేసుకు పనికొచ్చే మాట అందులో ఒక్కటీ లేదు. ఆయన ఒక్కసారీ అడ్డు రాలేదు. గుమ్మంలో నిలబడ్డ మరిది కొడుకు తల దించుకున్నాడు.

తోట సూరాయమ్మకు దక్కలేదు. రాతకోతలన్నీ అవతలివాడి వైపే ఉన్నాయి. ఆ కబురు చెప్పడానికి పరాంకుశం గారే మళ్ళీ లంకకు వెళ్ళారు. పై కోర్టుకు వెళ్దామా అని అడిగితే ఆమె తల అడ్డంగా ఊపింది.

"వద్దులే బాబూ. ఆ మారాజు ఇన్నాడు."

చెప్పడం ఆపి పరాంకుశం గారు కళ్ళజోడు పెట్టుకున్నారు. హైమావతి ఉండబట్టలేక, "అయితే అధికారాలు పెంచొద్దంటారా?" అంది.

"పెంచమనమ్మా, శుభ్రంగా పెంచమను. వెనక్కి వెళ్ళి జడ్జీని పిలుచుకొచ్చే అధికారం కూడా అందులో ఉందో లేదో చూసి మరీ పెంచమను."