భోజనం బంతిలో ప్రార్థన

పరాంకుశం మాష్టారిని ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పరు. "పద, చూద్దాం" అంటారు. చూడటానికి అక్కడ ఏమీ లేకపోయినా అదే మాట. పల్నాడులోని ఆ ఊరి హైస్కూలుకు ఆయన హెడ్మాస్టరైన ఈ తొమ్మిదేళ్లలో, తగవు తీర్చమని వచ్చినవాళ్లు సగంమంది ఆ నడకలోనే చల్లబడి వెనక్కి పోయారు.

హైమావతి అంత తేలిగ్గా చల్లబడే మనిషి కాదు. ఒకప్పుడు ఆయన దగ్గరే చదువుకుంది. ఆర్నెల్ల కిందట అదే బడికి సైన్సు టీచరుగా వచ్చింది. తన ఎనిమిదో తరగతిలో తనకు తెలియకుండా ఏదీ జరగదని ఆమె నమ్మకం. ఆ మధ్యాహ్నం ఒక కాగితం పట్టుకుని ఆయన గదిలోకి వచ్చింది.

"సార్, బడిలో పిల్లలు తమ మతాన్ని ఎంతవరకు చూపించుకోవచ్చు?" అని అడిగింది.

సంగతేమిటంటే, ఆమె తరగతిలో కెజియా అనే పిల్ల రోజూ భోజనం బంతిలో కంచం ముందు కళ్లు మూసుకుని, పెదవుల్లోనే ప్రార్థన చేసుకుంటుంది. వాళ్లింట్లో అది అలవాటు. దేవుడికి చెప్పుకోనిదే ముద్ద ఎత్తరు. ప్రార్థన కాస్త పొడవు. పక్కన కూర్చున్న పిల్లలు మర్యాదకి ఆగటం మొదలుపెట్టారు. అలా ఆగీ ఆగీ, చివర అందరూ కలిసి గట్టిగా "ఆమెన్" అనటం నేర్చారు. నిన్న శేషగిరి అనేవాడు ఇంట్లో పులిహోర పళ్లెం ముందు కూడా అదే మాట అన్నాడట. వాళ్ల నాన్న పొద్దున్నే బడికొచ్చి హైమావతిని నాలుగు మాటలు అని పోయాడు. ఆమె చేతిలోది కెజియా తల్లిదండ్రులకు రాసిన ఉత్తరం. రేపటి నుంచి మీ అమ్మాయి బడిలో ప్రార్థన చేయకూడదు, చేస్తే బడి మాన్పించుకోవలసి వస్తుందని అందులో ఉంది. మాష్టారి సంతకం ఒక్కటే తక్కువ. నుదుట తిరునామం లేకుండా ఆయన్ని ఆ ఊళ్లో ఎవరూ చూడలేదు గనక, సంతకానికి అడ్డేమీ ఉండదనే ఆమె అనుకుంది.

మాష్టారు కాగితం చదివి, మడిచి జేబులో పెట్టుకున్నారు. "పద, చూద్దాం. ఆకలి కూడా వేస్తోంది."

వరండాలో వడ్డన జరుగుతోంది. మాష్టారు తానూ ఒక కంచం తీసుకుని శేషగిరి పక్కన చతికిలబడ్డారు. ఎదుటి వరుసలో కెజియా పక్కన హైమావతిని కూర్చోమన్నారు. రోజూ ఆమె వరండా చివర కుర్చీ వేసుకుని అల్లరి చేసేవాళ్లని అదిలిస్తుందే గానీ, పిల్లల మధ్య కూర్చుని తినటం అదే మొదలు.

"ఏరా, ఆమెన్ అంటే ఏమిటో తెలుసా?" అని మాష్టారు శేషగిరిని అడిగారు.

"తెలుసు సార్. ఇంక తినొచ్చని."

మాష్టారికి నవ్వు ఆగలేదు. హైమావతికీ వచ్చింది గానీ, మింగేసింది.

ఈలోగా కెజియా కళ్లు మూసుకుంది. టీచరు పక్కనుందన్న బెరుకుతో గొంతు మరీ తగ్గించింది. అయినా మోచేయి తగిలేంత దగ్గర కదా, ప్రతి మాటా వినబడింది.

"ప్రేమగల తండ్రీ, ఈ అన్నం ఇచ్చినందుకు మీకు వందనాలు. వండిన ఆదెమ్మత్త కాళ్లనొప్పులు తగ్గించండి. మా టీచర్‌కి పొద్దున్నుంచి తలనొప్పిగా ఉంది, ఆమెని ముట్టి బాగుచేయండి. అంకమ్మ బడికి రాక పదకొండు రోజులైంది తండ్రీ. వాళ్లమ్మ చెయ్యి విరిగితే అంకమ్మే మిరప కోతలకి పోతంది. ఆ చెయ్యి తొందరగా అతికించండి, అంకమ్మని మళ్లీ నా పక్కన కూర్చోబెట్టండి. యేసయ్య నామంలో అడుగుతున్నాం తండ్రీ, ఆమెన్."

బంతంతా "ఆమెన్" అని అన్నం మీద పడింది.

హైమావతి కలిపిన ముద్ద నోటిదాకా వెళ్లలేదు. తలనొప్పి నిజమే, ఎవరితోనూ అనలేదు. అంకమ్మ సంగతి మాత్రం ఆమెకు తెలియనే తెలియదు. పదకొండు రోజులుగా పేరు పిలిచింది, పలకకపోతే హాజరు పట్టీలో గుర్తు పెట్టి తర్వాతి పేరుకు వెళ్లింది. ఎందుకు రావటం లేదని ఒక్కరినీ అడగలేదు. ఆమెకు చాలా సిగ్గనిపించింది. తన తలనొప్పి ఒకరు కనిపెట్టారన్న సంతోషమూ కలిగింది. ఆ రెండూ ఒకేసారి మీదపడితే ఏం చేయాలో తోచక ఇంకాస్త సాంబారు పోయించుకుంది.

"అమ్మాయ్, వీళ్లని ఆగమని నువ్వే చెప్పావా?" అని మాష్టారు కెజియాని అడిగారు.

"లేదు సార్. నేను తినమనే చెప్తా. వాళ్లే ఆగుతారు."

"మరి నువ్వెందుకు ఆగుతావురా?"

శేషగిరి గుడ్డు వలుచుకుంటూ, "ఎదురుగా ఒకరు కళ్లు మూసుకుని ఉంటే మనమెట్టా తింటాం సార్, బాగుండదు" అన్నాడు.

మాష్టారు తృప్తిగా భోంచేశారు.

కుళాయి దగ్గర చేతులు కడుక్కున్నాక హైమావతి, "ఆ కాగితం ఇలా ఇవ్వండి సార్" అంది. ఆయన ఇచ్చారు. ఆమె దాన్ని నాలుగు ముక్కలు చేసి పిడికిట్లో పట్టుకుంది. "శేషగిరి వాళ్ల నాన్నకి ఏం చెప్పమంటారు?"

"ఆయనతో నేను మాట్లాడతాలే. నువ్వు సాయంత్రం కెజియాని వెంటబెట్టుకుని అంకమ్మ ఇంటికి వెళ్లు" అన్నారు మాష్టారు. "రేపటి ప్రార్థనలో ఒక పేరు తగ్గాలి."