సుద్దకొండ దిగువ వాకిలి

అనగనగా ఎండ కూడా శాలువా కప్పుకుని వచ్చే ఒక చల్లని దీవి. చుట్టూ బూడిదరంగు సముద్రం. ఏడాదిలో సగం మంచు, మిగతా సగం తుంపర. ఆ దీవిలో ద్రాక్ష పండేది ఒక్క చోటే. దక్షిణపు ఎండకు ముఖం తిప్పి ఉన్న సుద్దకొండ వాలు అది. పగలంతా దొరికిన కాస్త వెచ్చదనాన్నీ ఆ తెల్లని నేల దాచుకుని, పొద్దుగూకాక తీగల వేళ్ళకు పంచేది.

ఆ తోటకు పెద్దదిక్కు కువలయమ్మ. కొమ్మ ఎప్పుడు కత్తిరించాలి, ఆకు ఎప్పుడు దూయాలి, గుత్తి ఎప్పుడు కోయాలి, అన్నీ ఆమె చెప్పాల్సిందే. ఆమెకు అత్తగారు చెప్పింది. ఆ అత్తగారికి ఆవిడ అత్తగారు. కొండ అడుగున తోటకు అడ్డంగా రాతిగోడ, గోడకు వెడల్పాటి వాకిలి ఉన్నాయి. తీగలు చిగురించే నెలంతా ఆ వాకిలి తలుపు బార్లా తెరిచి ఉంచాలి. అది ఆచారం.

ఎందుకు తెరవాలో కువలయమ్మ మరిచిపోయింది.

కొత్తకోడలిగా వచ్చినప్పుడు అత్తగారు చెప్పడం గుర్తుంది. చెబుతూ చేయి ఊపడం, గాజుల చప్పుడు గుర్తున్నాయి. మాటే గుర్తులేదు. ఈ మధ్య ఇలాంటివి ఎక్కువయ్యాయి. పొయ్యి మీద ఏం పెట్టిందో మరిచేది. ఎవరినో పిలవబోయి పేరు దగ్గర ఆగిపోయేది. ఒక్కొక్కటే ఇలా జారిపోతే చివరికి తనలో ఏం మిగులుతుందోనని ఆమెకు గుబులు. ఆ గుబులు పైకి కనబడకుండా, అడిగినవాళ్ళను కసురుకునేది.

ఆ ఏడాది మేకలు వాకిట్లోంచి దూరి లేత చిగుళ్ళు మేశాయి. కోడలు తరళ వచ్చి అడిగింది.

"తలుపు మూసేద్దామా అత్తా? మేకలు మనకంటే ముందే ద్రాక్షపండగ చేసుకుంటున్నాయి."

"మూయకూడదు."

"ఎందుకు?"

"మా అత్త మూయలేదు కనుక. నీకంత బెంగగా ఉంటే కర్ర పట్టుకుని కాపలా కూర్చో."

తరళ నవ్వి ఊరుకుంది. ఊరిపెద్ద భద్రసేనుడు ఊరుకోలేదు. మర్నాడు నలుగురినీ వెంటబెట్టుకుని వచ్చాడు.

"పెద్దమ్మా, అత్త చెప్పిందంటే కోడలు వింటుంది, మేకలు వినవు. కారణమైనా చెప్పు, తలుపైనా మూయించు."

అందరూ ఆమె ముఖంలోకే చూస్తున్నారు. తెలియదంటే ముసలిదానికి మతి పోయిందంటారు. రేపు కోత మాట చెప్పినా నమ్మరు. కువలయమ్మ గొంతు సవరించుకుంది.

"వనదేవత కొండ దిగి సముద్రస్నానానికి వెళ్ళే దారి అది," అంది.

నోరు దాటాక ఆ మాట ఆమెకే నిజంలా వినిపించింది.

భద్రసేనుడు లెంపలు వేసుకున్నాడు. "దేవత నడిచే దారినా మనం ఇన్నాళ్ళూ మేకలకు వదిలేసింది," అన్నాడు.

ఆ ఊరివాళ్ళు భక్తిపరులు. వారం తిరక్కుండా ఆ వాకిట్లోనే చిన్న గుడి కట్టేశారు. సగం వాకిలి గుడికే సరిపోయింది. కువలయమ్మ వద్దనబోయింది. వద్దంటే మళ్ళీ ఎందుకంటారు. ఆగిపోయింది.

గుడి లేచిన కొద్దిరోజులకు ఆకాశం తేటపడింది. గాలి ఆగిపోయి చలి పడింది. తెల్లవారి చూస్తే అడుగు వరసల చిగుళ్ళన్నీ వేణ్ణీళ్ళు పోసినట్టు మాడి నల్లబడ్డాయి.

"దేవతకు గుడి ఇరుకైంది," అన్నాడు భద్రసేనుడు. గుడికి రెండు పక్కలా మండపం కట్టించాడు. వాకిలి పూర్తిగా పూడిపోయింది.

రెండోసారి చలి పడింది. ఈసారి నలుపు కొండ నడుము దాకా ఎక్కింది.

"ఇంకా శాంతించలేదు. గోడ ఎత్తు పెంచి ప్రాకారం కడదాం," అన్నాడు భద్రసేనుడు.

కబురు విని దీవిని ఏలే రాణి మేఘావతి స్వయంగా తోటకు వచ్చింది. మాడిన వరసల మధ్య నడిచింది. చివరికి కువలయమ్మ ముందు ఆగింది.

"అవ్వా, ఈ కొండ ద్రాక్షరసం మన దీవికి పేరు తెచ్చింది. కాదనను. కానీ జనం తిండిగింజలు అడుగుతున్నారు. ఇక మిగిలింది పై వరసలే. అవీ పోతే తీగలు పీకించి యవలు చల్లిస్తాను. దేవత సంగతి తెలిసినదానివి నువ్వే. ఏం చేయమంటావో చెప్పు."

పొద్దు వాలుతోంది. ఆకాశంలో ఒక్క మబ్బు లేదు. ఆకు కదలడం లేదు. మూడో చలి వస్తోందని కువలయమ్మ ఎముకలకు తెలిసింది.

"నాకు తెలియదు తల్లీ," అంది. "దేవత మాట నేను కల్పించింది. వాకిలి తెరిచి ఉంచాలని తెలుసు. ఎందుకో మరిచిపోయాను. మరిచానని చెప్పడానికి సిగ్గుపడి, ఆ ఖాళీలో దేవతను నిలబెట్టాను."

అందరి చూపూ గుడి వైపు తిరిగింది.

"అయితే మేం ఎవరికి మొక్కినట్టు?" అన్నాడు భద్రసేనుడు నెమ్మదిగా.

వెనకనుంచి ఎవరో అన్నారు, "మతి పోయిందని నేను ముందే అనుకున్నా."

ఏ మాట వినాల్సి వస్తుందని ఆమె ఇన్నాళ్ళూ భయపడిందో అదే మాట. వింది. విని నిలబడే ఉంది.

తరళ దగ్గరికొచ్చి ఆమె భుజం పట్టుకుంది. "పోనీ, ఏం గుర్తుందో అదే చెప్పు అత్తా."

"మా అత్త చేయి ఊపింది. ఇలా, పైనుంచి కిందికి."

తరళ ఆ చేతినే చూసింది. తర్వాత కొండను చూసింది. "పైనుంచి ఏదో దిగుతుందన్నమాట. అదేమిటో చూద్దాం," అని కొండ మీదికి వెళ్ళి తడిగడ్డి పోగేసి నిప్పు పెట్టింది.

పొగ పైకి లేవలేదు. ఒలికిన నీళ్ళలా వాలు పట్టుకుని తీగల మధ్యనుంచి జారింది. గోడ దాకా వచ్చి గుడి దగ్గర నిలిచిపోయింది. గిన్నెలో పాలు పోసినట్టు ఒక్కొక్క వరసా ముంచుతూ పైకి రాసాగింది. తరళ కిందికి వచ్చి అందులో చేయి పెట్టి చటుక్కున తీసేసుకుంది.

"చలి, అత్తా. నీళ్ళలాగే పల్లానికి పారుతోంది. వాకిట్లోంచి సముద్రం మీదికి పోయేదానికి మనం కట్ట వేశాం."

కారణం తెలిసింది. కానీ గుడి మీద చెయ్యి వేయడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. కువలయమ్మే ముందుకు వెళ్ళింది. దేవత విగ్రహాన్ని రెండు చేతులా ఎత్తుకుని, ఆయాసపడుతూ కొండ ఎక్కి, ఎత్తైన చోట ఆకాశం కింద నిలిపింది. దణ్ణం పెట్టి కిందికి వచ్చి మొదటి రాయి తనే పీకింది. భద్రసేనుడు ఉత్తరీయం నడుముకు బిగించి రెండో రాయి పీకాడు. రాణి పరివారం కూడా చేయి వేసింది. వెలుగు పూర్తిగా పోకముందే వాకిలి తెరుచుకుంది. పొగంతా బిరబిరా సముద్రం వైపు వెళ్ళిపోయింది.

తెల్లవారాక పై వరసలు పచ్చగానే ఉన్నాయి. నల్లబడ్డ వరసల్లో ఆ ఏడు కాయ లేదు. అయినా రాణి తీగలు పీకించలేదు.

కువలయమ్మ మరుపు తగ్గలేదు. కోతలనాటికి కోడలి పేరు కూడా మరిచింది.

"నీ పేరేమిటమ్మా? నాకు తట్టడం లేదు," అని అడిగింది. కసరలేదు, దాచలేదు.

"తరళ, అత్తా."

"తరళా, ఈ పండు తిను. తియ్యగానే ఉంది. కోయవచ్చో లేదో నా ఒక్కదానికి తేలడం లేదు."

తరళ తిని చూసింది. ఇద్దరూ కలిసి కోత మాట చెప్పారు.

మరిచిపోవడం ఎవరి తప్పూ కాదు. మరిచిన చోట అబద్ధాన్ని కూర్చోబెడితే అది అందరికీ చేటు తెస్తుంది, తెలియదని ఒప్పుకుంటే నలుగురూ కలిసి నిజాన్ని వెతుక్కుంటారు.