చిలకలు పిడి మీదికి దిగిన కథ

రండర్రా, దగ్గరికి రండి. ఆ వెనకాల ఉన్నవాళ్ళు కూడా. కాళ్ళు ముడుచుకుని కూర్చోండి. గోళీలు జేబులో పడెయ్యండి, చప్పుడు నాకు వినబడకూడదు. ఇది ఎంత చెప్పినా చెవికెక్కించుకోని మనుషుల కథ. అందుకే మీకు చెబుతున్నాను.

కొండలు ఇంకా ఎదుగుతున్న కాలంలో, ఒక కొండ మీద ఒక చిన్న పల్లె. ఆ పల్లెలో గాసి అని ఒకడు. ఊట నుంచి కావడితో నీళ్ళు మోసి ఇంటింటికీ పోసేవాడు. అంతకుమించి అతన్ని ఎవరూ ఏదీ అడిగేవారు కాదు.

అదే పల్లెలో విల్లులు చెక్కే సుక్రన్న ఉండేవాడు. కర్రవిల్లు రెండు కొసలకీ రెండు చిలక తలలు చెక్కేవాడు. బొద్దుగా, ముక్కులతో సహా. అవి వాళ్ళ వంశం గుర్తు. చిలకలు లేనిది విల్లే కాదనేవారు.

ఆ విల్లు పట్టేవాడు సోమ్ర. పంట కాపలా అతనిది. ఆ ఏడు అడవిపందులు పడి కొర్రచేలన్నీ తవ్విపోశాయి. ఒక్క చేను మిగిలింది. అదీ పోతే పల్లె మొత్తం కొండ దిగి పోవాల్సిందే. సోమ్ర ఏం చేస్తాడు? బాణం వదిలితే చాలు, విల్లు చేతిని తన్నేది. మణికట్టు నుంచి మోచెయ్యి దాకా జివ్వుమనేది. ఆ దెబ్బకు జడిసి చెయ్యి ముందే వణికేది. బాణం పక్కకు పోయేది.

సుక్రన్న విల్లు నడుమ చేత్తో పట్టే పిడికి గుడ్డ చుట్టాడు.

"మావా," అన్నాడు గాసి కావడి దించుతూ, "నొప్పి పిడి దగ్గర. తప్పు కొసల దగ్గర."

"నీళ్ళు పొయ్యరా," అన్నాడు సుక్రన్న.

విల్లు తన్నింది. పందులు గట్టు దాకా వచ్చాయి.

సుక్రన్న గుడ్డ మీద జింకతోలు చుట్టాడు.

"మావా, నొప్పి పిడి దగ్గర. తప్పు కొసల దగ్గర."

"నువ్వెప్పుడైనా విల్లు పట్టిన మొహమేనా? నీళ్ళు పొయ్యి."

విల్లు తన్నింది. పందులు సగం చేను మేశాయి.

సుక్రన్న తోలు మీద మైనం పూసి, మైనం మీద నార చుట్టాడు. పిడి గుమ్మడికాయంత అయింది. సోమ్రకి వేళ్ళు చుట్టూ అందలేదు.

"మావా..."

"నోర్ముయ్."

మీకు ఒళ్ళు మండుతోందా? నాకూ మండుతుంది, ఈ కథ చెప్పినప్పుడల్లా.

గాసికీ మండింది. నిండు కావడి తెచ్చి సుక్రన్న భుజాన పెట్టాడు.

"నడు మావా. గబగబా నడు. ఆగు."

సుక్రన్న ఆగాడు. కడవలు ఆగలేదు. రెండు కొసలూ ఊగి, బద్ద ఎగిరి భుజాన్ని ఠపీమని కొట్టింది. మొలదాకా తడిసిపోయాడు.

"భుజానికి గుడ్డ చుట్టనా?" అడిగాడు గాసి. "బాణం వెళ్ళాక విల్లు ఆగాలి మావా. నీ లావు చిలకలు ఆగవు. ఆ ఊపంతా సోమ్ర చేతికొచ్చి తగులుతోంది."

"చిలకల్ని తీసేస్తే తాతలకేం చెప్పను?"

"తియ్యమన్నదెవరు? పిడి మీదికి దింపు. అక్కడెంత బరువున్నా ఊగదు."

సుక్రన్న సణిగాడు. గుడ్డా తోలూ నారా పీకేశాడు. కొసలు రెండూ సమానంగా, చూపుడువేలంత సన్నంగా చెక్కాడు. చిలకలు రెంటినీ పిడి మీద అతికించాడు. ఆ సాయంత్రం సోమ్ర బాణం వదిలాడు. విల్లు గమ్మున ఉంది. గుంపులో పెద్దపంది కూలింది. మిగతావి మళ్ళీ రాలేదు. సగం చేను మిగిలింది, పల్లె మిగిలింది.

విల్లు ఎలా కుదిరిందని ఊరంతా అడిగితే సుక్రన్న ఏమన్నాడో తెలుసా?

"మైనం ఇప్పటికి ఇంకింది."

గాసి పక్కనే ఉన్నాడు. ఆకాశం వంక చూశాడు. కావడి ఎత్తుకుని పోయాడు.

చాలా ఏళ్ళకు గాసి పోయాడు. అక్కడ మనిషిని పూడ్చిన చోట అతని పనిముట్టు పెడతారు. కావడిబద్ద పెట్టారు. ముసలి సుక్రన్న దాని ముందు నిలబడి, అందరూ వినేట్టు అన్నాడు:

"మైనం కాదు. గాసి."

ఆ మాత్రం మాటకి ఓ మనిషి పోవాల్సొచ్చింది, చూడండి.

ఇప్పటికీ ఆ కొండ మీద విల్లుకి చిలకలు పిడి మీదే ఉంటాయి. కొత్త విల్లును ముందు కావడిలా భుజాన పెట్టుకుని, నాలుగడుగులు వేసి టక్కున ఆగుతారు. కొసల నుంచి చెక్కిన పొట్టును గాసి నీళ్ళు తోడిన ఊటలో వదులుతారు. ఎవడైనా పిడికి గుడ్డ చుట్టబోతే ముసలమ్మలు ఒకటే మాటంటారు: "గాసి చూస్తున్నాడు."

సరే, లేవండి. ఇళ్ళకు పోయి వేడివేడిగా ఇంత అన్నం తినండి.

అదిగో, ఎవడి గోళీ అది దొర్లింది? జేబులో పెట్టమని చెప్పానా లేదా?