పెడల్ మీద కాలు

ప్రభంజన్ డాక్టరు సూది పట్టాడంటే గురి తప్పదు. ఆ పేరు ఆస్పత్రంతా ఉంది, ఆ గర్వం అతని తలకీ ఎక్కింది. చిక్కల్లా అతని కుడికాలితోనే. వెన్నులోకి సూది దించుతున్నంతసేపూ ఆ కాలు ఎక్స్‌రే పెడల్ మీంచి లేచేది కాదు. తెర మీద ఎముకలూ సూదీ సినిమాలా కదులుతూ కనిపించాల్సిందే.

"అవసరానికి నొక్కు, వదిలెయ్. చివరి బొమ్మ తెర మీద ఉంటుంది కదా" అని గురువు భానోజీరావు గారు ఎన్నోసార్లు చెప్పారు.

"చూస్తూ పోతే తప్పు జరగదు కదా సార్. గుడ్డిగా గుచ్చమంటారా?" అనేవాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

పెద్దాయన వాదించేవారు కాదు. ఏళ్ల తరబడి ఆ కిరణాలు సోకి ఆయన వేళ్లు పగిలాయి, గోళ్లు నల్లబడ్డాయి. సూది పట్టడం మానేశారు. వచ్చే నెల నుంచి ఆ గది ప్రభంజన్‌దే, అడ్డు చెప్పేవాళ్లుండరు. ఆ దిగులే ఆయన్ని తినేస్తోంది.

ఆ రోజు బల్ల మీద పైడితల్లి బోర్లా పడుకుంది. చేపల గంపలు మోసి మోసి పాతికేళ్లకే నడుం పడిపోయిన మనిషి. ఆమెకు ఈ సూది మూడోసారి.

"ఇంకెంతసేపు బాబూ?" అంది.

ప్రభంజన్ పెడల్ మీద కాలు పెట్టబోయాడు. భానోజీరావు గారు కిరణాలు సోకకుండా కట్టుకున్న తన సీసం ఏప్రాన్ విప్పి కొక్కేనికి తగిలించి, వచ్చి బల్ల పక్కనే నిలబడ్డారు.

"సార్! వేసుకోండి సార్!"

"కానివ్వు బాబూ."

"పోనీ బయటికైనా వెళ్లండి. మీకు దండం పెడతాను."

ఆయన కదల్లేదు.

ప్రభంజన్ కాలు వెనక్కి తీసుకున్నాడు. కిరణం పడే మేరను నడుం దగ్గర కావలసినంత చోటికే కుదించాడు. ఒక్క క్షణం నొక్కి కాలు తీసేశాడు. తెర మీద నిలిచిన బొమ్మ చూసుకుంటూ సూది కాస్త దించాడు. మళ్లీ ఒక్క క్షణం నొక్కాడు. అలా ఆగి ఆగి దించినా సూది చేరవలసిన చోటికే చేరింది. మందు ఎక్కించాడు.

పైడితల్లిని బయటికి తీసుకెళ్లాక అతను గురువు వైపు తిరిగాడు. "ఎంత పని చేశారు సార్! నావల్ల మీకేమైనా అయితే?"

"నాకోసం భయపడ్డావు. సంతోషం." ఆయన ముఖంలో మాత్రం సంతోషం లేదు. "ఆ పిల్లకి ఏప్రాన్ ఎవరు కట్టారు బాబూ?"