సత్రంలో నిన్నటి పులుసు

పూర్వం ఒక రాజ్యంలో కోట కట్టే కూలీల కుటుంబాలకి ధర్మసత్రంలో అన్నం పెట్టేవారు. ఒకరోజు అక్కడ తిన్నవాళ్లందరికీ వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయి. కూలీల పేటలో ఇంటికొకరు పోయారు. గవరమ్మ మనవరాలూ పోయింది. పిల్ల ముంత అడుగున మిగిలిన పులుసు ఆకుపచ్చగా కనిపించేసరికి గవరమ్మకి సంగతి అర్థమైంది. అది నిన్నటి పులుసు, కళాయి పోయిన ఇత్తడి గుండిగలో రాత్రంతా ఉండి చిలుమెక్కింది.

ఆమె సభకి వెళ్లి మొరపెట్టుకుంది. సత్రం అధికారి చెంచురాముడు పెదవి విరిచాడు.

"మేం పెట్టింది రాజభోజనం ప్రభూ. అంబలి తాగే పొట్టలు కదా, అరాయించుకోలేక పోయారు."

గవరమ్మ రాజు పక్కన నిలబడ్డ తన కొడుకుని చూపించింది. రాజు తినే ప్రతి వంటకం ముందుగా రుచి చూసేది అతనే.

"వాడూ నా అంబలి తాగి పెరిగినవాడే బాబూ. ఇన్నేళ్లుగా తమరి పళ్లెంలోది తింటున్నాడు, ఒక్కనాడూ కడుపునొప్పని పడుకోలేదు. పోయిన పిల్ల వాడి కూతురే."

రాజు తల దించుకున్నాడు. "ఇకమీదట సత్రంలోనూ ముందుగా ఎవరో ఒకరు రుచి చూస్తారు," అన్నాడు.

"ఇన్నాళ్లూ చూశారు బాబూ, మా పిల్లలు. ఇక అధికారిగారిని చూడమనండి. ఆయనది రాజభోజనం అరిగే పొట్ట."

రాజు సరేనన్నాడు.

చెంచురాముడు ఆ సాయంత్రమే గుండిగలన్నిటికీ కళాయి పూయించాడు. మర్నాడు పొద్దున్నే కొత్తగా వంట మొదలుపెట్టించాడు. అతనికి ఎవరూ ఏమీ నేర్పక్కర్లేకపోయింది. అన్నీ ముందునుంచీ తెలిసినవే.